జేమ్స్ నైస్మిత్

జేమ్స్ నైస్మిత్ (1861 నవంబరు 6 – 1939 నవంబరు 28) బాస్కెట్‌బాల్ క్రీడను కనిపెట్టిన వ్యాయామ విద్యా బోధకుడు, వైద్యుడు, క్రైస్తవ మతబోధకుడు. ఈయన కెనడాలో జన్మించి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థిరపడ్డాడు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఈ ఆటను రూపొందించాడు. తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ జట్టుకు మొదటి శిక్షకుడు (కోచ్) అయ్యాడు. ఆ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టు శిక్షకులలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా ఉన్నవాడు ఆటను కనిపెట్టిన నైస్మిత్ ఒక్కడే. అయినప్పటికీ అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ శిక్షకులలో మిక్కిలి ప్రసిద్ధులైన పలువురి గురుపరంపర ఈయనతోనే మొదలవుతుంది.

బాల్యం

నైస్మిత్ కెనడాలోని అంటారియో ప్రాంతంలో, ఆల్మాంట్ పట్టణ సమీపాన జన్మించాడు. ఈయనది స్కాట్లాండు నుండి వలస వచ్చిన కుటుంబం. తల్లి మార్గరెట్ యంగ్, తండ్రి జాన్ నైస్మిత్. 1870లో తల్లిదండ్రులిద్దరూ టైఫాయిడ్ జ్వరంతో మరణించారు. అప్పటికి జేమ్స్ వయస్సు తొమ్మిదేళ్ళు. ఆ తరువాత మేనమామ పీటర్ యంగ్ సంరక్షణలో, బెన్నీస్ కార్నర్స్ అనే చిన్న పల్లెలో పెరిగాడు. పొలం పనులు, కలప నరికే పనులు చేస్తూ శారీరక దారుఢ్యాన్ని సంపాదించాడు. చదువు మధ్యలో మాని కొంతకాలం అడవులలో కలప కూలీగా పనిచేసి, మళ్ళీ బడిలో చేరి 1883లో ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేశాడు.

ఆ పల్లెలో పిల్లలు ఆడుకొనే ఆటలలో బండపై బాతు అనేది ఒకటి. ఇది మన ఏడుపెంకులాటను కొంతవరకు పోలి ఉంటుంది. పెద్ద బండపై ఒక చిన్న రాయిని ఉంచి, దూరం నుండి రాళ్ళు విసిరి దానిని పడగొట్టాలి. విసిరిన రాయిని కాపలాదారుకు చిక్కకుండా వెళ్ళి తిరిగి తెచ్చుకోవాలి. బలంగా, సూటిగా విసిరిన రాయి గురి తప్పితే చాలా దూరం పోతుంది. పైకెత్తి విల్లు వంపుగా మెల్లగా వేసిన రాయి దగ్గరలోనే పడుతుంది. బలం కంటే ఒడుపు మేలని తెలిపే ఈ చిన్నప్పటి ఆట ఇరవై ఏళ్ళ తరువాత నైస్మిత్‌కు ఉపయోగపడింది.

విద్యాభ్యాసం

1883లో నైస్మిత్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ పట్టం పొందిన తరువాత ప్రెస్బిటేరియన్ కళాశాలలో మతశాస్త్రం చదివి 1890లో పూర్తిచేశాడు. ఈ కాలంలోనే ఫుట్‌బాల్, లాక్రాస్, జిమ్నాస్టిక్స్ వంటి క్రీడలలో రాణించాడు. మెక్‌గిల్‌లోనే వ్యాయామ శిక్షణ ఇచ్చే పనినీ కొంతకాలం నిర్వహించాడు.

మతబోధకుడు కావలసిన వ్యక్తి మైదానంలో కలబడి ఆడడం ఆనాటి పెద్దలకు తగని పనిగా తోచేది. నైస్మిత్ మాత్రం యువకులలో సత్ప్రవర్తన పెంచడానికి ప్రసంగ వేదిక ఎంత ఉపయోగపడుతుందో ఆటస్థలమూ అంతే ఉపయోగపడుతుందని నమ్మాడు. ఆ నమ్మకంతో చర్చిలో ఉద్యోగం చేపట్టకుండా, 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. అంతర్జాతీయ శిక్షణ పాఠశాలలో చేరాడు. ఇదే తరువాతి కాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలగా మారింది.

అక్కడ ఈయనకు ఇద్దరితో ఏర్పడిన పరిచయం ముఖ్యమైనది. ఒకరు వ్యాయామ విద్యా విభాగపు అధిపతి లూథర్ గులిక్. రెండవవారు పాఠశాల ఫుట్‌బాల్ జట్టును నడిపించిన ఏమస్ అలోంజో స్టాగ్. స్టాగ్ జట్టులో నైస్మిత్ సెంటర్ స్థానంలో ఆడేవాడు. ఈ స్టాగ్ 1892లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళి నలభై ఏళ్ళపాటు ఫుట్‌బాల్ శిక్షకుడిగా పనిచేసి, అమెరికా కళాశాలలలో శిక్షక వృత్తికి ఆద్యులలో ఒకడిగా పేరొందాడు. ఒకే మైదానంలో ఆడిన ఈ మిత్రులిద్దరూ ఆ తరువాత వేర్వేరు దారులలో నడిచారు.

బాస్కెట్‌బాల్ ఆవిర్భావం

శరదృతువులో ఫుట్‌బాల్, వసంతంలో బేస్‌బాల్ ఆడే విద్యార్థులకు మధ్యనున్న శీతకాలం ఒక సమస్యగా ఉండేది. బయట మంచు. లోపల వ్యాయామశాలలో డ్రిల్లు, కసరత్తులు తప్ప మరేమీ లేవు. ఇదే అవసరం నుండి 1887లో షికాగోలో ఇంటిలోపల ఆడుకొనే బేస్‌బాల్ పుట్టి, అదే క్రమంగా సాఫ్ట్‌బాల్‌గా ఎదిగింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 18 మంది పెద్ద వయసు విద్యార్థుల తరగతి ఒకటి డ్రిల్లు పట్ల తీవ్రమైన విసుగు చూపేది. ఇద్దరు బోధకులు ఆ తరగతిని అదుపులో పెట్టలేకపోయారు. గులిక్ దానిని నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడదగిన కొత్త ఆట ఒకటి రూపొందించడానికి 14 రోజుల గడువు ఇచ్చాడు.

నైస్మిత్ మొదట పాత ఆటలనే గదిలోకి తెచ్చి చూశాడు. ఫుట్‌బాల్, సాకర్, లాక్రాస్ ఏదీ కుదరలేదు. చెక్క నేలపై పడి ఆటగాళ్ళు గాయపడ్డారు. గడువు ముగియవస్తున్న దశలో ఆయన ఆటలను విడివిడిగా కాక, వాటిలోని అంశాలను విడదీసి ఆలోచించాడు. ఆ ఆలోచన ఇలా సాగింది:

* చాలా ఆటలలో బంతి ఉంటుంది. పెద్దదైన మెత్తటి బంతిని ఆడడానికి బ్యాటు వంటి పరికరం అక్కరలేదు.
* ఫుట్‌బాల్‌లో ఆటగాడిని పట్టి పడవేయడానికి కారణం అతడు బంతితో పరుగెత్తడం. పరుగెత్తడాన్ని నిషేధిస్తే పడవేయవలసిన అవసరమే ఉండదు.
* గోల్ నిలువుగా ఎదురుగా ఉంటే బంతిని బలంగా కొడతారు. గోల్‌ను తలలకంటే ఎత్తున, నోరు పైకి ఉండేటట్లు అమర్చితే బంతిని వంపుగా, ఒడుపుగా వేయక తప్పదు.

ఈ మూడవ అంశానికి ఆధారం చిన్ననాటి బండపై బాతు ఆట. గోల్ కోసం ఆయన భవన సంరక్షకుడిని పెట్టెలు అడగగా, అవి లేక అతడు రెండు పీచ్ పండ్ల బుట్టలు ఇచ్చాడు. వాటిని వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి మేకులతో బిగించారు. ఆ కమ్మీ నేల నుండి 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు 10 అడుగులే.

నైస్మిత్ 13 నియమాలు రాసి, టైపు చేయించి, గోడకు అంటించాడు. బంతిని ఏ దిశకైనా విసరవచ్చు గాని దానితో పరుగెత్తరాదు. పిడికిలితో గుద్దరాదు. ప్రత్యర్థిని నెట్టడం, పట్టుకోవడం, కాలు అడ్డుపెట్టడం ఫౌల్ అవుతుంది. ఒక జట్టు వరుసగా మూడు ఫౌల్స్ చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోల్ లభిస్తుంది. ఆట 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు. 1891 డిసెంబరు 21న జట్టుకు తొమ్మిది మంది చొప్పున ఆడిన మొదటి ఆటలో ఒకే ఒక గోల్ నమోదైంది. దానిని వేసిన విద్యార్థి విలియం ఛేజ్. ఈ నియమాలు 1892 జనవరి 15న పాఠశాల పత్రికలో అచ్చయ్యాయి. ఆటకు నైస్మిత్ పేరు పెడదామని విద్యార్థి ఫ్రాంక్ మహాన్ సూచించగా ఆయన అంగీకరించలేదు. బుట్ట, బంతి ఉన్నాయి కనుక బాస్కెట్‌బాల్ అనే పేరు స్థిరపడింది. ఈ ఆటపై ఆయన పేటెంటు తీసుకోలేదు.

1892 మార్చి 11న ప్రేక్షకుల సమక్షంలో విద్యార్థులకు, బోధకులకు మధ్య పోటీ జరిగింది. విద్యార్థులు 5–1 తేడాతో నెగ్గారు. బోధకుల పక్షాన ఉన్న ఒక్క గోల్ స్టాగ్‌ది.

మహిళలలో ఆట వ్యాప్తి

వ్యాయామశాల నుండి వినిపించే సందడికి ఆకర్షితులై, దగ్గరలోని బడిలో పనిచేసే ఉపాధ్యాయినులు ఆటను చూడడానికి వచ్చారు. తామూ ఆడతామని కోరారు. స్త్రీలకు ఇటువంటి ఆటలు తగవని భావించే ఆ రోజులలో నైస్మిత్ వెంటనే సమ్మతించి వారికి ఆట నేర్పాడు. ఆనాటి క్రీడాకారిణులలో ఒకరైన మాడ్ షెర్మన్‌ను ఆయన 1894లో వివాహం చేసుకున్నాడు. వారికి ఐదుగురు పిల్లలు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సమీపంలోని స్మిత్ మహిళా కళాశాలలో వ్యాయామ బోధకురాలైన సెండా బెరెన్‌సన్ 1892లో ఈ ఆటను తన విద్యార్థినులకు పరిచయం చేసింది. 1893 మార్చిలో అక్కడ రెండు తరగతుల మధ్య పోటీ జరిగింది. అమెరికా కళాశాలలలో మహిళల జట్టు క్రీడలకు ఇది తొలి అడుగులలో ఒకటి. వాటికి శిక్షణ ఇచ్చే బోధకురాళ్ళ వృత్తికీ ఇదే ప్రారంభ దశ.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో

1895లో నైస్మిత్ కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరానికి వెళ్ళి, అక్కడి వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ గ్రాస్ వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి 1898లో పట్టం పొందాడు. అదే సంవత్సరం స్టాగ్ సిఫారసుతో, లారెన్స్ పట్టణంలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లభించింది. ఆ ఉద్యోగంలో రెండు బాధ్యతలు ఉన్నాయి. ఒకటి వ్యాయామ విద్యను నిర్వహించడం, రెండవది విశ్వవిద్యాలయ ప్రార్థనామందిరంలో ప్రార్థనలు నడపడం. బాస్కెట్‌బాల్ జట్టును తయారు చేయడం ఆయన వచ్చిన తరువాత మొదలైన పని.

1899 ఫిబ్రవరి 3న కాన్సస్ జట్టు తన మొదటి పోటీ ఆడింది. కాన్సస్ సిటీ వై.ఎం.సి.ఎ. చేతిలో 16–5 తేడాతో ఓడింది. నైస్మిత్ 1907 వరకు తొమ్మిది సీజన్లు జట్టు బాధ్యత వహించాడు. ఈ కాలంలో జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది.

ఈ అంకెలను అర్థం చేసుకోవడానికి శిక్షకుడు అనే పదానికి ఆనాడున్న అర్థాన్ని గుర్తుంచుకోవాలి. నైస్మిత్ దృష్టిలో తాను వ్యాయామ ఉపాధ్యాయుడు. జట్టులోని కొద్దిమందిని గెలుపుకు సిద్ధం చేయడం కంటే, కళాశాలలోని విద్యార్థులందరికీ ఆరోగ్యం, మంచి నడవడి అలవరచడం తన పని అని ఆయన భావించాడు. విద్యార్థుల శరీర కొలతలు తీసుకొని, ఎవరికి తగిన వ్యాయామం వారికి చెప్పేవాడు. కత్తిసాము (ఫెన్సింగ్) వంటి వాటిపై బాస్కెట్‌బాల్‌పై చూపినంత శ్రద్ధా చూపేవాడు. పోటీలలో కొన్నిసార్లు తానే రిఫరీగా నిలబడేవాడు. ఆట ఆడేవారి సొత్తని, పక్కన నిలబడి నడిపించవలసినది కాదని ఆయన అభిప్రాయం.

ఇదే కాలంలో అమెరికా కళాశాలలలో క్రీడల స్వరూపం వేగంగా మారుతూ వచ్చింది. పోటీలకు ప్రేక్షకులు పెరిగారు. టిక్కెట్ల ఆదాయం పెరిగింది. గెలిపించే శిక్షకులకు ప్రత్యేక జీతాలు, సహాయకులు ఏర్పడ్డారు. వ్యాయామ విద్యా విభాగం, పోటీ జట్ల శిక్షణ క్రమంగా వేర్వేరు అయ్యాయి. నైస్మిత్ 1907లో జట్టు బాధ్యతను వదలిపెట్టి వ్యాయామ విద్యా బోధనలోనే కొనసాగాడు.

ఫాగ్ అలెన్, శిష్య పరంపర

నైస్మిత్ జట్టులో ఆడిన ఫారెస్ట్ అలెన్ (ఫాగ్ అలెన్‌గా ప్రసిద్ధుడు) బేకర్ విశ్వవిద్యాలయంలో శిక్షకుడిగా చేరబోతున్నట్లు గురువుకు తెలిపినపుడు, బాస్కెట్‌బాల్ ఆడవలసిన ఆటే గాని శిక్షణ ఇవ్వవలసిన ఆట కాదని నైస్మిత్ అతనితో అన్నట్లు ప్రసిద్ధి. అలెన్ అందుకు ఒప్పుకోలేదు. ఆటగాళ్ళ కదలికలు, వ్యూహం, దేహ సంరక్షణ వీటన్నిటినీ నేర్పవచ్చని, నేర్పితే గెలవవచ్చని నిరూపించడానికి పూనుకున్నాడు. 1907లో కాన్సస్‌లో నైస్మిత్ స్థానాన్ని అతడే స్వీకరించాడు. 1909లో వదలి, మళ్ళీ 1919లో వచ్చి 1956 వరకు కొనసాగాడు. కాన్సస్ శిక్షకుడిగా 590 విజయాలు సాధించాడు. 1927లో జాతీయ బాస్కెట్‌బాల్ శిక్షకుల సంఘాన్ని స్థాపించడంలో ప్రధాన పాత్ర వహించి, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

అలెన్ వద్ద ఆడిన అడాల్ఫ్ రప్ కెంటకీ విశ్వవిద్యాలయంలో 1930 నుండి 1972 వరకు శిక్షకుడిగా ఉండి 876 విజయాలు పొందాడు. అలెన్ మరొక శిష్యుడు డీన్ స్మిత్ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో 1961 నుండి 1997 వరకు పనిచేసి 879 విజయాలు పొందాడు. ఈ విధంగా శిక్షణ అక్కరలేదని భావించిన ఉపాధ్యాయుని తరగతి నుండే శిక్షక వృత్తికి పెద్దలైనవారి వరుస బయలుదేరింది. అభిప్రాయాలు వేరైనప్పటికీ నైస్మిత్, అలెన్ ఒకే విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు కలిసి పనిచేశారు.

జాన్ మెక్‌లెండన్

నైస్మిత్ ఉపాధ్యాయుడిగా చేసిన పనికి మరొక నిదర్శనం జాన్ మెక్‌లెండన్. ఇతడు 1933లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చదవడానికి చేరిన నల్లజాతి విద్యార్థి. ఆనాటి వర్ణవివక్ష కారణంగా విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులో నల్లజాతివారికి ప్రవేశం లేదు. ఈతకొలను కూడా వారికి నిషిద్ధమే. నైస్మిత్ అతనికి సలహాదారుగా ఉండి చదువు సాగడానికి తోడ్పడ్డాడు. ఈతకొలను నిషేధాన్ని మెక్‌లెండన్ ఎదిరించినపుడు అతని పక్షాన నిలిచాడు. కొలను నల్లజాతి విద్యార్థులకు తెరుచుకుంది. జట్టు తలుపులు మాత్రం అతను చదివినంతకాలం తెరుచుకోలేదు.

1936లో పట్టభద్రుడైన మెక్‌లెండన్, ఆటగాడిగా అవకాశం లేకపోయినా, శిక్షకుడిగా చరిత్రలో నిలిచాడు. నార్త్ కరొలైనాలోని నల్లజాతివారి కళాశాలలో అతడు తీర్చిదిద్దిన జట్టు 1944 మార్చి 12న డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్య విద్యార్థుల జట్టుతో తలుపులు మూసుకొని రహస్యంగా ఆడి 88–44 తేడాతో నెగ్గింది. తెల్లవారు, నల్లవారు కలిసి ఆడడం అక్కడ చట్టవిరుద్ధమైన రోజులవి. తరువాత టెనసీ కళాశాల జట్టుకు 1957, 1958, 1959లలో వరుసగా మూడు జాతీయ విజేతృత్వాలు సాధించిపెట్టాడు. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నియమితుడై, తెల్లవారు అధికంగా ఉన్న విశ్వవిద్యాలయంలో మొదటి నల్లజాతి ప్రధాన బాస్కెట్‌బాల్ శిక్షకుడయ్యాడు. మైదానమంతటినీ వాడుకొంటూ వేగంగా ఆడించే తన పద్ధతికి నైస్మిత్ బోధనే మూలమని అతడు జీవితాంతం చెప్పుకున్నాడు.

యుద్ధకాల సేవ

1916లో నైస్మిత్ ప్రెస్బిటేరియన్ మతబోధకుడిగా దీక్ష తీసుకొని, మెక్సికో సరిహద్దుకు పంపబడిన కాన్సస్ సైనిక దళంతో మతగురువుగా వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 1917 నుండి 1919 వరకు ఫ్రాన్సులో వై.ఎం.సి.ఎ. తరఫున సైనికులకు సేవచేశాడు. 1925లో అమెరికా పౌరసత్వం స్వీకరించాడు.

బెర్లిన్ ఒలింపిక్ క్రీడలు

1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్‌బాల్ మొదటిసారిగా పతకాల క్రీడగా చోటు పొందింది. ఇందుకు అలెన్ చాలాకాలం కృషిచేశాడు. బెర్లిన్ వెళ్ళే స్తోమత నైస్మిత్‌కు లేకపోగా, శిక్షకుల సంఘం దేశవ్యాప్తంగా ఆటల ద్వారా నిధి సేకరించి ఆయనను పంపింది. ఏ వృత్తి అవసరాన్ని ఆయన శంకించాడో ఆ వృత్తివారే ఆయనకు దారిఖర్చు సమకూర్చారు.

పోటీలలో 21 దేశాలు పాల్గొన్నాయి. ఆటలు ఆరుబయట మట్టి, ఇసుక మైదానాలలో జరిగాయి. ఆగస్టు 14న జరిగిన చివరి పోటీలో వాన కురిసి నేల బురద కావడంతో బంతి పైకి లేవక, అమెరికా 19–8 తేడాతో కెనడాను ఓడించింది. ఆయన పుట్టిన దేశం, స్థిరపడిన దేశం రెండూ తుదిపోటీలో నిలిచాయి. మూడవ స్థానం మెక్సికోకు దక్కింది. విజేతలకు పతకాలను నైస్మిత్ అందజేశాడు.

చివరి దినాలు

1937లో నైస్మిత్ విశ్వవిద్యాలయ సేవ నుండి విశ్రమించాడు. అదే సంవత్సరం భార్య మాడ్ మరణించింది. 1939 జూన్‌లో ఫ్లారెన్స్ కిన్‌కెయిడ్‌ను వివాహమాడాడు. ఆ సంవత్సరం మార్చిలో కళాశాలల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలు మొదటిసారి జరిగాయి. తుదిపోటీలో ఒరెగాన్ జట్టు 46–33 తేడాతో ఒహాయో స్టేట్ జట్టును ఓడించింది. 1939 నవంబరు 28న మెదడులో రక్తస్రావం కారణంగా నైస్మిత్ లారెన్స్‌లో మరణించాడు. ఆట పుట్టుక, పరిణామాలపై ఆయన రాసిన పుస్తకం మరణానంతరం 1941లో వెలువడింది.

భారతదేశంతో సంబంధం

నైస్మిత్ ఆటను కనిపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠశాలలోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. బడులలో డ్రిల్లు మాస్టార్లుగా పనిచేసినవారికి శిక్షణ ఇచ్చిన సంస్థలలో ఈ కళాశాల ప్రముఖమైనది. పిల్లలందరికీ ఆటలు నేర్పాలనే స్ప్రింగ్‌ఫీల్డ్ దృక్పథం ఈ మార్గంలో దక్షిణ భారతదేశానికి చేరింది.

గుర్తింపు, విశేషాలు

* స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని నైస్మిత్ స్మారక బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం ఈయన పేరుతో ఏర్పడింది. 1959లో ఎంపికైన తొలి బృందంలో నైస్మిత్, అలెన్, స్టాగ్ ముగ్గురూ ఉన్నారు.
* మెక్‌లెండన్‌కు ఈ కీర్తిమందిరంలో రెండుసార్లు చోటు లభించింది. 1979లో ఆటకు చేసిన సేవకు, 2016లో శిక్షకుడిగా.
* కాన్సస్ విశ్వవిద్యాలయపు క్రీడాభవనానికి అలెన్ పేరు, అందులోని ఆటస్థలానికి నైస్మిత్ పేరు పెట్టారు. గురుశిష్యుల పేర్లు ఒకేచోట నిలిచాయి.
* వాలీబాల్‌ను 1895లో కనిపెట్టిన విలియం మోర్గాన్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థే.
* నైస్మిత్ టైపు చేయించిన 13 నియమాల అసలు ప్రతి 2010 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. దానిని కాన్సస్ పూర్వ విద్యార్థి డేవిడ్ బూత్ కొని విశ్వవిద్యాలయానికి చేర్చాడు. పదమూడు నియమాలలో ఆటగాళ్ళ విధులు, రిఫరీ, అంపైర్ల విధులు వివరంగా ఉన్నాయి. శిక్షకుని ప్రస్తావన వాటిలో లేదు.